బంతి పోగొట్టుకున్న ఎత్తు

బంతితో ఆడని బాల్యం ఉండదు. సంస్కృతకవులు కందుకమన్నా, మనం బంతి అన్నా, మా ప్రాంతపు పిల్లలు పాత సైకిలు ట్యూబును సన్నని చుట్లుగా కోసి ఒకదానిపై ఒకటి బిగించి చేసుకునే ఉండ అయినా, దాని ఆకర్షణ అంతా ఒక్క గుణంలో ఉన్నది. పడినది లేస్తుంది. మంచివారి కష్టాలు శాశ్వతం కావని చెప్పడానికి భర్తృహరి చేతితో కొట్టినా మళ్ళీ పైకి లేచే బంతినే ఉపమానంగా గ్రహించాడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన నాటినుండి ఆ సుభాషితాలు తెలుగువారికి సొంత ఆస్తి అయినాయి. ఉపమానం చక్కనిదే. అయితే కవి చెప్పక విడిచిన సంగతి ఒకటున్నది. లేచిన బంతి, తాను బయలుదేరిన ఎత్తును మళ్ళీ ఎన్నడూ అందుకోదు. ప్రతి ఎగురుకూ కొంత ఎత్తును పోగొట్టుకుంటూనే ఉంటుంది. కవికి ఆ లోటుతో పనిలేదు. భౌతికశాస్త్రానికి పని అంతా ఆ లోటుతోనే.

జగిత్యాలలో తొమ్మిదవ తరగతి చదువుతున్న మా మేనకోడలు ఒక దసరా సెలవులలో ఈ లోటును నా ముందు పెట్టింది. సెలవుల తరువాత పాఠశాలలో వైజ్ఞానిక ప్రదర్శన. తోటి పిల్లలు అగ్నిపర్వతాలనూ, గాలిమరల నమూనాలనూ ఎంచుకున్నారు. ఈ పిల్ల మాత్రం "మామా, బంతి ఎందుకు ఆగిపోతుంది?" అని అడిగింది. ఎందుకు ఎగురుతుంది అని అడిగి ఉంటే రెండు వాక్యాలలో ముగించేవాడిని. ఎందుకు ఆగుతుంది అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం కోసం ఆ పది రోజులలో మేము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తిరగవలసి వచ్చింది.

ఎగరడం గురించి మొదట చెప్పుకోవాలి. పైనుండి జారిన బంతిలోని స్థితిజశక్తి క్రిందికి వచ్చేకొద్దీ గతిజశక్తిగా మారుతుంది. నేలను తాకిన క్షణంలో బంతి అడుగుభాగం నొక్కుకొని చదును అవుతుంది. వేగమంతా అణగి, శక్తి ఆ నొక్కులో దాగుతుంది. మరుక్షణమే రబ్బరు తన ఆకారాన్ని తిరిగి పొందబోతూ బంతిని పైకి తన్నుతుంది. కానీ ఆ నొక్కులోనూ సాగులోనూ రబ్బరులోని పొడవైన అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి రాపిడి చెందుతాయి. కొంత శక్తి వేడిగా మారుతుంది, కొంత మనకు వినిపించే 'టప్' అనే ధ్వనిగా వెళ్ళిపోతుంది. మిగిలినదే మళ్ళీ ఎత్తుగా కనిపిస్తుంది. ఆ వేడి చేతికి తెలిసేటంతది కాదు. ఒక మీటరు ఎత్తునుండి పడిన బంతి తన శక్తినంతా వేడిగా మార్చుకున్నా డిగ్రీలో వందో వంతు కూడా వేడెక్కదు. స్క్వాష్ ఆటగాళ్ళు ఆటకు ముందు బంతిని గోడకు పదేపదే కొట్టి వేడిచేయడం మనం చూస్తుంటాము. అది అనేక దెబ్బల కూడిక.

తాకిన తరువాతి వేగానికీ తాకక ముందటి వేగానికీ గల నిష్పత్తిని ఇంటర్మీడియట్ విద్యార్థులు ప్రత్యావస్థాన గుణకం అనే పేరుతో చదువుతారు. దీనిని తొలిసారిగా శ్రద్ధగా కొలిచినవారిలో న్యూటన్ ఒకడు. 1687లో వెలువడిన 'ప్రిన్సిపియా'లో ఆ ప్రయోగాల వివరం ఉన్నది. పది అడుగుల త్రాళ్ళకు ఉండలను వ్రేలాడదీసి, ఒకదానితో ఒకటి ఢీకొట్టించి, అవి ఎంత దూరం వెనుదిరిగాయో చూశాడు. గట్టిగా చుట్టి బిగించిన ఉన్ని ఉండలు తొమ్మిది పాళ్ళ వేగంతో కలుసుకొని అయిదు పాళ్ళ వేగంతో విడిపోయాయి. ఉక్కు ఉండలు దాదాపు అంతే. బెండు ఉండలు కొంత తక్కువ. గాజు ఉండలలో మాత్రం పదహారుకు పదిహేను. ఉక్కు కంటే గాజు ఎక్కువగా ఎగురుతుందన్న మాట మా మేనకోడలు నమ్మలేదు. గోలీలతో చూసిన తరువాత నమ్మింది. న్యూటన్ చూసినంతవరకు ఒకే పదార్థానికి ఈ నిష్పత్తి ఒక్కటే, మెల్లగా ఢీకొన్నా వేగంగా ఢీకొన్నా మారదు. పాఠ్యపుస్తకాలు నేటికీ చాలావరకు అదే మాటమీద నడుస్తున్నాయి.

నిలువు గోడకు దర్జీ టేపును అంటించి, ఒక మీటరు ఎత్తునుండి రబ్బరు బంతిని విడవడంతో మా పని మొదలయింది. వేగాల నిష్పత్తి కావాలంటే ఎత్తుల నిష్పత్తికి వర్గమూలం తీస్తే చాలు. లెక్క సులభమే. కొలత మాత్రం కష్టం. బంతి పైకి వచ్చి నిలిచే క్షణం రెప్పపాటు. కన్ను కొంచెం పైనుండి చూస్తే ఒక అంకె, క్రిందినుండి చూస్తే మరొక అంకె. ఒకే బంతి, ఒకే ఎత్తు, అయిదుసార్లు విడిస్తే 61 మొదలుకొని 67 సెంటీమీటర్ల వరకు వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన ఒక బంధువు ఆ కాగితాన్ని చూసి, "ఇంత తిప్పలెందుకమ్మా, అంతటా 0.8 అని రాసెయ్యి. 64, 41, 26 అని ఎత్తులు వేసుకో. చూసేవాళ్ళకు అదే కావాలి" అని సలహా ఇచ్చాడు. ఆయన దురుద్దేశంతో అనలేదు. పిల్లల ప్రాజెక్టులు ఇలా నడవడం ఆయన చూస్తూ వచ్చినవాడు. ఆ పిల్ల నా ముఖం చూసింది. నేను ఏమీ అనలేదు. ఆమె కలం మూత పెట్టి, "మరి బంతిని చూడకుండా కొలిచే ఉపాయం లేదా మామా?" అన్నది.

ఉన్నది. బంతిని చూడనక్కరలేదు, వింటే చాలు. నేలను తాకిన ప్రతిసారీ చప్పుడవుతుంది. రెండు చప్పుళ్ళ మధ్య కాలమే ఆ ఎగురు కాలం. అందులో సగం పైకి పోవడానికి, సగం క్రిందికి రావడానికి. కాలం తెలిస్తే ఎత్తు తెలిసినట్లే. ఆ కాలాన్ని దానితోనే గుణించి, గురుత్వ త్వరణంతో గుణించి, ఎనిమిదితో భాగిస్తే ఎత్తు వస్తుంది. వరుసగా రెండు ఎగురుల కాలాల నిష్పత్తి తీసుకుంటే ప్రత్యావస్థాన గుణకం వేరే లెక్క లేకుండానే చేతికి వస్తుంది. తలుపులు మూసి, పంకా ఆపి, ఇంట్లోవారిని నోరు మెదపవద్దని బ్రతిమాలి, సెల్‌ఫోనులో ఆ చప్పుళ్ళను రికార్డు చేశాము. ధ్వనిరేఖను తెరమీద పెద్దదిగా చేసి చూస్తే సెకనులో వెయ్యోవంతు వరకు కాలం తెలుస్తుంది. మా బంతికి మొదటి ఎగురు 718 వెయ్యోవంతులు, రెండవది 581, మూడవది 472, నాలుగవది 385. మొదటి ఎగురు ఎత్తు లెక్కిస్తే 63 సెంటీమీటర్లు. ఇన్నిసార్లు కన్ను తడబడిన చోట చెవి తడబడలేదు.

నిష్పత్తులు తీశాక అసలు చిక్కు బయటపడింది. మొదటి దెబ్బకు 0.79. తరువాత 0.809, ఆ తరువాత 0.812, ఆపైన 0.816. మళ్ళీ రికార్డు చేసినా అదే వరుస. అంకె కదలకుండా నిలవలేదు. బంతి మెల్లబడినకొద్దీ కొద్దికొద్దిగా పైకి జరుగుతున్నది. గాలి నిరోధం వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఎక్కువగా పట్టిలాగుతుంది కనుక కొంత దానివల్ల కావచ్చు. గట్టిగా తగిలినప్పుడు రబ్బరు ఎక్కువగా నలిగి, శక్తిలో ఎక్కువ పాలు పోగొట్టుకోవడం మరొక కారణం. బంధువు చెప్పినట్లు అంతటా 0.8 వేసి ఉంటే ఈ కదలిక కాగితం మీదికి వచ్చేదే కాదు.

ఈ కదలికను పట్టుకున్నవాడు మనకు బాగా తెలిసినవాడే. చంద్రశేఖర వేంకట రామన్ బాల్యం, పాఠశాల చదువు విశాఖపట్నంలో గడిచాయి. ఆయన తండ్రి అక్కడి కళాశాలలో అధ్యాపకుడు. కాంతిని గురించిన పరిశోధనకు 1930లో నోబెల్ బహుమతి వచ్చింది కనుక మనం ఆయనను కాంతితోనే ముడివేసి తలుస్తాము. 1928 ఫిబ్రవరి 28ని జ్ఞాపకం చేసుకుంటూ జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవాన్ని జరుపుకొంటాము. అంతకు పదేళ్ళ ముందు, 1918లో, ఆయన ఢీకొనే గోళాలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. మిక్కిలి తక్కువ వేగంతో, తాకీ తాకనట్లు తాకే గోళాలను ఛాయాచిత్రాల సహాయంతో కొలిచాడు. వేగం తగ్గినకొద్దీ ప్రత్యావస్థాన గుణకం పెరుగుతూ ఒకటికి చేరువ అవుతుందని చూపాడు. అంటే తగినంత మెల్లగా తాకితే పోయేది దాదాపు ఏమీ ఉండదన్నమాట. ఆర్థికశాఖలోని పెద్ద ఉద్యోగాన్ని వదలి కలకత్తాలో ఆచార్యపదవి స్వీకరించిన మరుసటి సంవత్సరపు పని ఇది. మృదంగం, తబలా నాదాన్ని గురించిన ఆయన వ్యాసం 1920లో వెలువడింది. దెబ్బ, దానినుండి పుట్టే నాదం ఆయనకు ఏనాడూ చిన్న విషయాలుగా తోచలేదు. మా ఇంటి రబ్బరు బంతి, రామన్ గోళాలు ఒకటి కావు. కానీ పదార్థానికి ఒక్కటే అంకె అన్న నమ్మకాన్ని రెండూ ఒకే వైపునుండి కదిలించాయి. ఆ వ్యాసం సంగతి విన్నాక పిల్ల తన పట్టికలోని నాలుగు అంకెలనూ సిరాతో దిద్దుకున్నది.

ఆ పూటే మరొక లెక్క మా మధ్యకు వచ్చింది. ప్రతి ఎగురూ అంతకు ముందటిదానికంటే చిన్నదే గాని సున్నా కాదు. అట్లయితే బంతి ఎగురుతూనే ఉండాలి కదా? ఎగురుల సంఖ్యకు అంతం లేకపోవచ్చు, కాలానికి మాత్రం ఉన్నది. గుణకం 0.8 అనుకుంటే ఒక మీటరు ఎత్తునుండి విడిచిన బంతి ఎగురులన్నీ కలిసి సుమారు నాలుగు సెకన్లలో ముగుస్తాయి. అది తిరిగిన దూరమంతా నాలుగున్నర మీటర్లు. అనంత గుణశ్రేఢి మొత్తం పరిమితమని గణితంలో చదివేటప్పుడు పొడిగా తోచే వాక్యం, బంతి చివరిలో 'టరర్ర్' అని సన్నగా వణకి ఊరుకునేటప్పుడు చెవికి వినిపిస్తుంది.

పండుగకు కోరుట్లకు వెళ్ళాము. మా అమ్మ అక్కడే ఉంటుంది. బతుకమ్మ పూలకోసం ఖాళీ చేసిన ఫ్రిజ్‌లో పైఅరను మేనకోడలు తన బంతికి అడిగి తీసుకున్నది. రెండు గంటలు గడ్డకట్టే చలిలో ఉంచి తీసిన వెంటనే విడిస్తే అదే బంతి 43 సెంటీమీటర్లే లేచింది. వేడినీటిలో ఉంచి తుడిచి విడిస్తే 68. మే నెలలో 45 డిగ్రీలు దాటే మా జిల్లాలో బంతి చలికి బిగుసుకుపోయే ప్రమాదం తక్కువే. కానీ రబ్బరు చలికి తన స్థితిస్థాపకతను కోల్పోవడం వంటింట్లో తేలిపోయే చిన్న సంగతి కాదు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయలుదేరిన కొద్ది సేపటికే పేలిపోయి ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ ఉదయం అక్కడ నీరు గడ్డకట్టే చలి. రాకెట్టు అతుకుల మధ్య వేడి వాయువులు బయటికి రాకుండా అమర్చిన రబ్బరు వలయాలు ఆ చలిలో తగిన వేగంతో తిరిగి సాగి అతుకును మూయలేకపోయాయి. విచారణ సంఘంలో సభ్యుడైన రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త అందరి ఎదుటా ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపులో నొక్కి, గ్లాసులోని మంచునీటిలో ముంచాడు. తీసి వదిలితే అది వెంటనే లేవలేదు. చలిని గురించి ముందురోజే హెచ్చరించిన ఇంజనీర్లు ఉన్నారు. వారి మాట నెగ్గలేదు. ఈ కథ చెబుతున్నంతసేపూ మా అమ్మ పూలు పేర్చడం ఆపి విన్నది. విని, "ఏడుగురా!" అన్నది.

ఆటల నియమాలు కూడా ఈ లోటును వదలిపెట్టవు. టెన్నిసు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తునుండి విడిస్తే 135కు తగ్గకుండా 147కు మించకుండా లేవాలి. టేబుల్ టెన్నిసు బంతి 30.5 సెంటీమీటర్లనుండి ఉక్కు దిమ్మెమీద పడి 24 నుండి 26 వరకు లేవాలి. ఎంత ఎగరాలన్నది ఎంత, అంతకు మించి ఎగరరాదన్నదీ అంతే నియమం.

అంతకు మించి ఎగరరాదన్న మాటకు అసలు అర్థం సిరిసిల్లలో తెలిసింది. అక్కడ మా చిన్నమ్మ ఇల్లున్నది. చిన్నాయన ఆసామి. నాలుగు సాంచాలు పెట్టుకొని, యజమాని ఇచ్చిన నూలుతో మీటరు లెక్కన బట్ట నేసి ఇస్తాడు. మరమగ్గాన్ని ఆ ఊరిలో సాంచా అంటారు. వీధిలోకి అడుగుపెట్టకముందే వాటి చప్పుడు వినవస్తుంది. 2017లో మొదలయిన బతుకమ్మ చీరల ఆర్డరు కొన్నేళ్ళపాటు ఆ చప్పుడును నిలిపింది. అది లేని రోజులలో వీధి నిశ్శబ్దంగా ఉంటే అక్కడివారికి నిద్రపట్టదు. ప్రాజెక్టు సంగతి విన్న చిన్నాయన సాంచా ఆపి, పిల్లను దగ్గరకు పిలిచాడు.

"బంతి ఎగిరితె మీకు సంబురం బిడ్డా. ఇది ఎగిరితె మా దినం పోతది" అంటూ షటిల్‌ను చేతిలో పెట్టాడు. మన నాడెనే సాంచా దగ్గర షటిల్ అంటారు. రెండు కొనలకూ ఉక్కు ములుకులు గల కొయ్య నాడె అది. లోపల పేక నూలు చుట్టిన కండె. ఒక ప్రక్కనుండి కర్ర విసురుగా తన్నితే పడుగు పోగుల మధ్యనుండి దూసుకుపోయి, రెండవ ప్రక్కనున్న పెట్టెలో ఆగాలి. ఆగినచోటునుండే మళ్ళీ తన్నులు తిని వెనుకకు రావాలి. నిమిషానికి వందకు పైగా సార్లు ఈ రాకపోకలు. పెట్టె గోడలో స్ప్రింగుతో నొక్కిపట్టే పలక దాని వేగాన్ని కొంత చంపుతుంది. మిగిలినదాన్ని చివరనున్న తోలు ముక్క మింగాలి. తోలు సరిగా మింగకపోతే షటిల్ రెండు వేళ్ళంత వెనుకకు ఎగిరి నిలుస్తుంది. అప్పుడు కర్ర తన్ను దానికి ఆలస్యంగా, బలహీనంగా తగులుతుంది. అది అవతలి పెట్టెకు సమయానికి చేరదు. పడుగు మధ్యలో చిక్కుకొని ఉండగానే పోగులు మూసుకుంటే వందల పోగులు ఒక్కసారిగా తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ వెతికి ముడివేయాలి. మీటరు లెక్కన వచ్చే కూలిలో ముడివేసిన గంటలకు లెక్క లేదు.

మేనకోడలు మారు మాట్లాడకుండా సంచిలోనుండి టేపు తీసింది. చిన్నాయన పాత సామానుల డబ్బాలోనుండి ఉక్కు బేరింగు గుండు ఒకటి ఇచ్చాడు. గచ్చుమీద మూడు ముక్కలు పరిచి, అరమీటరు ఎత్తునుండి గుండును ఒక్కొక్కదానిపై పదేసిసార్లు విడిచి చూశాము. కొత్త తోలుమీద సగటున 9 సెంటీమీటర్లు లేచింది. మూడవ సాంచానుండి విప్పిన, ఏళ్ళ తరబడి దెబ్బలు తిని బిరుసెక్కిన తోలుమీద 16. టైరునుండి కోసిన రబ్బరు ముక్కమీద 21. చిన్నాయన మూడవ అంకె వినగానే నవ్వాడు. చౌకగా వస్తుందని ఒకప్పుడు ఆయన టైరు ముక్కలు పెట్టి చూశాడట. వారం తిరగకముందే పోగుల ముడులతో విసిగి తీసేశాడట. ఎందుకు పనికిరాలేదో ఆయనకు చేతితో తెలుసు. ఈ పిల్ల దానికి అంకె వేసింది.

ఆమె తన ప్రాజెక్టు పుస్తకంలో ఆ పుట పైభాగాన "తాతయ్య టైరు ముక్క ప్రయోగం" అని శీర్షిక పెట్టి, ఆయన ఏ సంవత్సరంలో చేశాడో, ఎన్ని రోజులు ఉంచాడో అడిగి వ్రాసుకున్నది. ఆయన మొదట సిగ్గుపడి, తరువాత జ్ఞాపకం తెచ్చుకొని మరీ చెప్పాడు. ఆమె వ్రాస్తుండగానే మూడవ సాంచాకు కొత్త తోలు ముక్క బిగించి, మర మీట నొక్కాడు. షటిల్ పెట్టెలో పడి, పడినచోటనే నిలిచింది.